యుద్ధాన్ని చూపిస్తున్నారు, లెక్క మాత్రం చెప్పడం లేదు: తెలుగు సంపాదకులకు శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా ఛానళ్ల బాధ్యులకు,

నమస్కారం. పత్రికలే లేకపోతే మా ఊళ్లకు లోకం తెలిసేది కాదని ఒప్పుకుంటూనే ఈ ఫిర్యాదు రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక చిన్న పఠన మందిరం పాఠకుల తరఫున, పౌరశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడిగా రాస్తున్నాను. మాలో కొబ్బరి రైతులున్నారు, గల్ఫ్‌లో పనిచేసి తిరిగివచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు ఉన్నారు, కొడుకులు ఓడల మీద ఉన్న తండ్రులున్నారు. యుద్ధ వార్తలను మీరు అందిస్తున్న తీరు గురించి మేం కొన్ని పత్రికలకు ఉత్తరాలు రాశాం. ఒక పత్రిక మా ఉత్తరాన్ని పాఠకుల లేఖల్లో వేసింది గానీ, అడిగిన ప్రశ్నలన్నీ తీసేసి, మెచ్చుకోలుగా రాసిన మొదటి వాక్యాలు మాత్రం ఉంచింది. ఒక ఛానల్‌కు నిబంధనల ప్రకారం ఫిర్యాదు పంపితే అందినట్టు కబురు కూడా రాలేదు. ఎవరి పేరూ ఇక్కడ ఎత్తడం లేదు. ఇది ఏ ఒక్కరి తప్పో కాదు, మీ అందరికీ పట్టిన అలవాటు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

మా ఫిర్యాదు సారాంశం ఇది. ప్రపంచంలో సాయుధ సంఘర్షణలు పెరుగుతున్నాయి, రాజకీయ స్వేచ్ఛ తరుగుతోంది, ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తున్నాయి, వాటి దెబ్బ తగిలే ఊళ్లలో మావి కూడా ఉన్నాయి. అయినా మీరు యుద్ధాన్ని మాకు ఒక దృశ్యంగా చూపిస్తున్నారే తప్ప, ఏ దేశంలో ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, ఎంతకాలంగా జరుగుతోంది, అక్కడ మనవాళ్లుంటే వారి గతి ఏమిటి అన్నది చెప్పడం లేదు.

మొదట లెక్కలు చూడండి. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రపంచంలోని సాయుధ సంఘర్షణలను ఏటా నమోదు చేస్తారు. వారి పట్టిక 1946 వరకు వెనక్కి వెళుతుంది. కనీసం ఒక పక్షాన ప్రభుత్వం ఉండి, పోరులో ఏడాదికి 25 మంది మరణిస్తే దాన్ని సాయుధ సంఘర్షణగా, 1,000 మంది మరణిస్తే యుద్ధంగా లెక్కిస్తారు. ఆ కొలత ప్రకారం 2024లో 36 దేశాల్లో 61 సంఘర్షణలు నడిచాయి. 1946 నుంచి అప్పటివరకు ఏ ఒక్క ఏడాదిలోనూ అన్ని లేవు. వాటిలో 11 యుద్ధాల స్థాయికి చేరాయి. పోరులో మరణించినవారు దాదాపు 1,29,000 మంది. ఆ ఏడాది మీ తెరల మీద మాకు కనిపించినవి ఉక్రెయిన్, గాజా. ఆ రెండూ చూపవలసినవే, కాదనడం లేదు. మరి మిగిలినవి ఎక్కడ? సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఒకప్పుడు అక్కడి ప్రభుత్వమే చేరదీసి పెంచిన పారామిలిటరీ దళానికీ మధ్య మొదలైన యుద్ధం కోటి మందికి పైగా జనాన్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. ఇథియోపియాలోని టిగ్రేలో 2020 నుంచి 2022 వరకు సాగిన యుద్ధం ఈ శతాబ్దంలో అత్యధికంగా ప్రాణాలు తీసిన వాటిలో ఒకటి. టిగ్రే అన్న పేరు మా పఠన మందిరంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లకైనా అది బిట్ పేపర్‌లో ఒక ప్రశ్నగానే తెలుసు. మా గోడకు వేలాడే ప్రపంచ పటంలో సూడాన్ ఇంకా ఒకే దేశం, 2011 జూలై 9న దక్షిణ సూడాన్ విడిపోయిన సంగతి దానికి ఎక్కలేదు. కొత్త పటం కొనుక్కోవడం మా పని, అది మేం చేసుకుంటాం. ఆ పటంలో ఏ రోజు ఏం మారిందో చెప్పడం మీ పని.

ఎప్పుడూ ఇలాగే ఉందా అంటే, లేదు. అది తెలియకపోవడం వల్లనే మా పాఠకుల్లో సగం మంది ‘లోకం ఎప్పుడూ ఇంతే’ అని, తక్కిన సగం ‘కలియుగాంతం వచ్చేసింది’ అని తీర్మానించుకుంటున్నారు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన 1990ల తొలినాళ్లలో సంఘర్షణల సంఖ్య ఒకసారి బాగా పెరిగింది. 1994లో రువాండాలో సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది ఊచకోతకు గురయ్యారని అంచనా. ఆ తర్వాత శాంతి ఒప్పందాలు కుదిరాయి, ఐక్యరాజ్యసమితి దళాలు విస్తరించాయి, అగ్రరాజ్యాలు తమ తరఫున ఇతరుల చేత చేయించే పోరాటాలకు డబ్బు ఆపాయి. 2010 నాటికి సంఘర్షణల సంఖ్య ముప్పై ప్రాంతానికి దిగింది. 2011లో అరబ్ దేశాల తిరుగుబాట్లు సిరియా, లిబియా, యెమెన్‌లలో అంతర్యుద్ధాలుగా మారినప్పటి నుంచి అది మళ్లీ ఎగబాకింది. తగ్గించిన అనుభవం మనుషులకు ఉందన్నది ఇక్కడ అసలైన వార్త. దాన్ని మీరు ఎన్నడూ రాయలేదు.

స్వేచ్ఛ లెక్కా దాదాపు ఇదే వంపు తిరిగింది. అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ సంస్థ 1973లో మొదటి నివేదిక ఇచ్చినప్పుడు 148 దేశాల్లో 44 మాత్రమే స్వేచ్ఛ ఉన్నవి. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో నియంతృత్వం కూలింది మొదలు, స్పెయిన్, లాటిన్ అమెరికా దేశాలు, 1986లో ఫిలిప్పీన్స్, 1987లో దక్షిణ కొరియా, 1989లో తూర్పు యూరప్, 1994లో దక్షిణాఫ్రికా, 1998లో ఇండోనేషియా వరుసగా దారి మార్చుకున్నాయి. పక్కనే ఉన్న నేపాల్‌లో పదేళ్ల సాయుధ పోరు 2006లో ఒప్పందంతో ఆగి, 2008 మే 28న రాజరికం రద్దయింది. నేను పాఠం చెప్పిన కాలం చాలావరకు ఆ కాలమే. కొత్త విద్యాసంవత్సరంలో పాత నోట్సు దిద్దుకోవలసి రావడం అప్పట్లో సంతోషంగా ఉండేది. తర్వాత గాలి తిరిగింది. అదే సంస్థ లెక్కలో 2024 వరుసగా పందొమ్మిదో క్షీణ సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలో 60 దేశాల్లో హక్కులు తగ్గగా, 34 దేశాల్లో మాత్రమే మెరుగుపడ్డాయి. స్వీడన్‌లోనే గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని వీ-డెమ్ సంస్థ 2024కు ప్రజాస్వామ్యాలు 88, నిరంకుశ పాలనలు 91 అని తేల్చింది. ప్రపంచ జనాభాలో 72 శాతం రెండో రకం పాలనల కింద ఉన్నారని చెప్పింది. మాలీ, గినీ, బుర్కినా ఫాసో, నైజర్, గాబన్, మయన్మార్‌లలో 2020 తర్వాత సైనికాధికారులు అధికారం లాక్కున్నారు. వీటిలో కొన్నిచోట్ల మా జిల్లాల మనుషులు పనికి వెళ్తున్నారు.

ఈ సంస్థల లెక్కల్లో మన దేశం ఎక్కడుందో దాచిపెట్టవలసిన పని లేదు. ఫ్రీడమ్ హౌస్ 2021 నుంచి భారతదేశాన్ని పాక్షిక స్వేచ్ఛ ఉన్న దేశంగా చూపుతోంది, 2025 నివేదికలో నూటికి 63 మార్కులు వేసింది. వీ-డెమ్ ‘ఎన్నికల నిరంకుశత్వం’, అంటే ఎన్నికలు జరిగినా పాలన నిరంకుశమే అన్న వర్గంలో పెట్టింది. ఈ అంచనాలు తప్పుదోవ పట్టించేవని, సరికావని మన ప్రభుత్వం గట్టిగా తోసిపుచ్చింది. ఇవి నిపుణుల అభిప్రాయాల మీద ఆధారపడిన కొలతలని, తూకంలో పక్షపాతం ఉందని విమర్శించేవారూ ఉన్నారు. ఆ విమర్శలో పస ఎంత ఉందో పాఠకుడే తేల్చుకోవాలంటే రెండు వాదనలూ, కొలిచిన పద్ధతీ అతని ముందుండాలి. మీలో కొందరు నివేదిక వచ్చిన రోజు శీర్షిక పెట్టి వదిలేశారు, మరికొందరు ఖండన ఒక్కటే వేశారు. మార్కులు ఏయే ప్రశ్నలకు వేశారో, ఏ ప్రశ్నలో తగ్గాయో ఏ ఒక్కరూ వేయలేదు.

స్వేచ్ఛకూ తుపాకీకీ ఉన్న సంబంధం పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అగత్యం మా జిల్లాకు లేదు. 1967 అక్టోబరు 31న గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న వారిపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరపగా కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. అక్కడి నుంచి శ్రీకాకుళ సాయుధ పోరాటం ఏ దారి పట్టిందో, 1970 జూలై 10న దాని నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణంతో ఎలా ముగింపుకు వచ్చిందో అందరికీ తెలుసు. గిరిజన భూములు గిరిజనేతరుల పేరిట మారకుండా కట్టుదిట్టం చేసిన 1970 నాటి మొదటి నంబరు రెగ్యులేషన్ ఆ నెత్తురు పారుతుండగానే వచ్చింది. అది పదేళ్లు ముందు వచ్చి సక్రమంగా అమలై ఉంటే ఎంతమంది బతికేవారో అని మా పెద్దలు ఇప్పటికీ అంటారు. దానికి పక్కన 2010 జూలై 14 పెట్టి చూడండి. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనంపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఫిర్యాదు వినే గది ఒకటి తెరిచి ఉండడం వల్ల ఆ పోరాటం ధర్నా శిబిరం దాటి అడవికి వెళ్లలేదు. పూర్తి ప్రజాస్వామ్యాల్లో కంటే, ఉక్కు పిడికిలి పాలనల్లో కంటే, ఆ రెంటి నడుమ ఊగిసలాడే దేశాల్లోనే అంతర్యుద్ధాలు ఎక్కువని పరిశోధకులు చాలాకాలంగా అంటున్న మాటకు మా జిల్లా సాక్ష్యం చెప్పగలదు. 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు హతమైనప్పుడు మీ వాహనాలు కోటబొమ్మాళి మండలంలోని ఆయన స్వగ్రామం జియ్యన్నపేటకు వచ్చాయి. ఇల్లు చూపించారు. యాభై ఏళ్లకు పైగా ఈ జిల్లా నుంచి మనుషులు అటు ఎందుకు వెళ్లారో, ఎందుకు మానుకున్నారో ఒక్కరూ అడగలేదు.

ఇంకొక పాత సంగతి కూడా చెప్పాలి. మా తాతల కాలంలో ‘రంగం వెళ్లడం’ అంటే బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌కు పనికి వెళ్లడం. కళింగపట్నం, బారువ, భీమునిపట్నం రేవుల నుంచి పడవెక్కి వేలమంది వెళ్లారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య రేగిన అల్లర్లలో ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక భారతీయులు లక్షల సంఖ్యలో కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చారు. మిగిలినవారిని 1962 సైనిక కుట్ర తర్వాత దుకాణాల జాతీయకరణ వెళ్లగొట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. అదే దేశంలో 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది, అంతర్యుద్ధం ముదిరింది, థాయ్‌లాండ్ సరిహద్దులో మ్యావాడీ వైపు సాయుధ ముఠాల నీడలో సైబర్ మోసాల కేంద్రాలు వెలిశాయి. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి పాస్‌పోర్టు లాక్కుని, స్వదేశంలోని మనుషులకే ఫోన్లు చేసి మోసగించే పని చేయిస్తున్నారు. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో రెండు రోజుల్లో 549 మంది భారతీయులను వెనక్కి తెచ్చారు. వారు స్వదేశంలో దిగిన దృశ్యం మీరు చూపించారు. కుట్ర జరిగిన ఫిబ్రవరికీ, ఆ విమానాలు దిగిన మార్చికీ మధ్య నాలుగేళ్లు ఉన్నాయి. ఆ నాలుగేళ్లలో అక్కడ ప్రభుత్వం చెల్లని ప్రాంతాలు పుట్టుకొస్తున్నాయని, ఉద్యోగం పేరుతో అటు వెళ్లవద్దని ఒక్క పేజీ కేటాయించి ఉంటే బాగుండేది.

ఇక మీ మౌనం వల్ల మామూలు జనానికి జరుగుతున్నది వరుసగా చెబుతాను.

1. వలస వెళ్లే పనివాడు చీకట్లో వెళ్తున్నాడు. ఉద్దానం కుర్రాళ్లు కన్సల్టెన్సీ ఇచ్చిన ఆఫర్ లెటర్ తెచ్చి, ఇంగ్లిషు చదివిపెట్టమని మా దగ్గరికి వస్తారు. పల్చటి కాగితం, పైన రంగుల ముద్ర, మధ్యలో జీతం పెద్దక్షరాల్లో, దేశం పేరు చిన్నక్షరాల్లో ఉంటాయి. ఊరి పేరు చాలాసార్లు ఉండదు. ‘మాస్టారూ, ఈ దేశం మంచిదేనా?’ అని అడుగుతారు. పదో తరగతి దాటనివారు వెళ్లాలంటే ప్రభుత్వ తనిఖీ తప్పనిసరి చేసిన దేశాలు 18. సౌదీ, కువైట్, ఇరాక్, లిబియా, సూడాన్, యెమెన్ వంటివి అందులో ఉన్నాయి. రష్యా, మయన్మార్, కంబోడియా లేవు. ఈ మూడు వాక్యాలు తెలుగులో ఏ పత్రికైనా నెలకోసారి అచ్చువేస్తే ఎన్ని ఇళ్లు నిలబడతాయో ఆలోచించండి. సహాయకుల ఉద్యోగమని రష్యా వెళ్లి అక్కడి సైన్యంలో చేరవలసి వచ్చిన భారతీయులు 126 మంది అని, వారిలో 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ లేదని 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పింది. 2025 జూలై 1న మాలీలోని కాయెస్‌లో సిమెంటు కర్మాగారంలో పనిచేస్తున్న ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకెళ్లారు. 2015లో లిబియాలోని సిర్తేలో ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురై, ఏడాది దాటాక విడుదలయ్యారు. ప్రతిసారీ మీకది ఆకస్మిక సంఘటన. ఆ దేశాల్లో పాలన కుప్పకూలుతున్న సంగతి ఏళ్ల ముందే తెలిసినది.

2. సముద్రం మీద బతికేవారి బతుకు పొరుగుదేశాల మధ్య మాటామంతీ మీద ఆధారపడి ఉంది. ఇక్కడ వేట గిట్టక గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద కూలికి కుదిరే శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఎందరో. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న 22 మంది ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది ఈ రెండు జిల్లాల వారే. 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. ఆ పద్నాలుగు నెలల్లో పుల్వామా దాడి, బాలాకోట్ దాడి జరిగాయి. మీ స్టూడియోల్లో పాకిస్తాన్‌ను పటం మీద లేకుండా చేయాలన్న కేకలు వినబడుతున్నప్పుడు, ఎచ్చెర్ల మండలం తీరంలో ఆడవాళ్లు టీవీ ముందు కూర్చుని ఆ దేశం జైల్లో ఉన్న భర్తల కోసం ఏడ్చారు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ ఖైదీల, మత్స్యకారుల జాబితాలు మార్చుకుంటాయి. 2025 జూలై 1 జాబితాలో పాకిస్తాన్ జైళ్లలో 193 మంది భారత మత్స్యకారులున్నారు. ఈ తేదీల సంగతి మా తీరంలోని కుటుంబాలకు మీ ద్వారా తెలియలేదు. వాణిజ్య ఓడల వారి స్థితీ అంతే. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హూతీ సాయుధులు ఓడల మీద దాడులు చేశారు. 2024 ఏప్రిల్ 13న ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్ ఓడలో 25 మంది సిబ్బందికి 17 మంది భారతీయులే.

3. చదువుకు వెళ్లిన పిల్లలు. 2022లో ఉక్రెయిన్ నుంచి తిరిగివచ్చిన భారతీయులు సుమారు 22,500 మంది, ఎక్కువగా వైద్య విద్యార్థులు. క్రిమియాను రష్యా కలిపేసుకున్నది 2014లో. ఆ ఎనిమిదేళ్లూ ఏజెంట్లు అక్కడికి పిల్లలను పంపుతూనే ఉన్నారు, మీరు వారి ప్రకటనలు వేస్తూనే ఉన్నారు.

4. వంటింటి ఖర్చు. ఉక్రెయిన్‌పై దాడి మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె ధర ఎందుకు పెరిగిందో, ఆ ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఎందుకు ఆపిందో చెప్పినవారు తక్కువ. కిరాణా కొట్టువాడే దొంగ అని ఊరంతా తిట్టింది. పలాస జీడి బట్టీలకు పిక్కలు ఆఫ్రికా నుంచి కూడా వస్తాయి; అక్కడ ఏ దేశంలో సైన్యం గద్దెనెక్కిందో మా వ్యాపారులకు మీకంటే ముందే వాట్సాప్‌లో తెలుస్తోంది, అందులో నిజమెంతో తెలియకుండా.

5. భయం. సైన్యంలో కొడుకులున్న ఇళ్లు మా ప్రాంతంలో తక్కువ కాదు. 2025 మే మొదటి పక్షంలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన రాత్రుల్లో కొన్ని ఛానళ్లు కరాచీ రేవు ధ్వంసమైందని, నగరాలు పట్టుబడ్డాయని చెప్పాయి. తెల్లారేసరికి అవి మాయమయ్యాయి, సవరణ మాత్రం రాలేదు. కార్యక్రమాల్లో వైమానిక దాడి సైరన్ల శబ్దం వాడవద్దని కేంద్ర హోం శాఖ పరిధిలోని పౌర రక్షణ విభాగం మే 10న మీకు చెప్పవలసి వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధ వార్తల్లో అతిశయోక్తులు మానమని సమాచార ప్రసార శాఖ 2022 ఏప్రిల్ 23న హెచ్చరించింది. ప్రభుత్వం మీకు పాఠం చెప్పే పరిస్థితి రావడం, పత్రికా స్వేచ్ఛను ప్రేమించే మా వంటివారికి రెట్టింపు కష్టం. ఎందుకంటే ఇవాళ సైరన్ వద్దన్న చేయే రేపు వార్త వద్దనవచ్చు.

మీ వృత్తి ఎంత ప్రమాదంలో ఉందో మాకు తెలియక కాదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా కనీసం 124 మంది పాత్రికేయులు, మీడియా సిబ్బంది చనిపోయారని, తాము లెక్కలు రాయడం మొదలుపెట్టాక అప్పటివరకు ఇంతమంది పోయిన ఏడాది లేదని పాత్రికేయుల రక్షణ కమిటీ చెప్పింది. వారిలో దాదాపు 70 శాతం మంది ఇజ్రాయెల్ చేతుల్లో చనిపోయినవారేనని అదే కమిటీ నమోదు చేసింది. 2025 పత్రికా స్వేచ్ఛ పట్టికలో 180 దేశాల్లో మనది 151వ స్థానం. స్వేచ్ఛ తరగడం గురించి మీరు రాయడం మీ కోసం కూడా. మండల విలేకరికి జీతం కాకుండా లైన్ అకౌంట్, అంటే అచ్చయిన పంక్తుల లెక్కన చెల్లిస్తూ, అంతర్జాతీయ వార్తకు ఒక్క మనిషిని కూడా పెట్టకుండా, స్టూడియో గ్రాఫిక్స్‌కు మాత్రం ఖర్చుపెట్టే పద్ధతి యాజమాన్యాలది, డెస్కులో కూర్చున్నవారిది కాదని కూడా మాకు తెలుసు. అందుకే ఈ లేఖను సంపాదకులతోపాటు యాజమాన్యాలకూ పంపుతున్నాం.

మేం కోరుతున్నవి అసాధ్యమైనవి కావు. తుపాను వచ్చినప్పుడు మీరెంత బాగా పనిచేస్తారో మాకంటే ఎక్కువ తెలిసినవారు లేరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు, అల్పపీడనంగా ఉన్నప్పటి నుంచే అది ఎక్కడుంది, ఎటు కదులుతోంది, గాలి వేగమెంత, ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు అని చెబుతూ వచ్చారు. కొబ్బరి తోటలు పోయాయి గానీ, చెప్పలేదన్న మాట మేం అనలేదు. యుద్ధం విషయంలోనూ ఆ బులెటిన్ క్రమశిక్షణే అడుగుతున్నాం.

మొదటిది, తెలుగువారు పనికీ చదువుకూ వెళ్తున్న దేశాల పరిస్థితిపై వారానికొక పేజీ, ఛానళ్లలో వారానికొక అరగంట కేటాయించండి. విదేశాంగ శాఖ ప్రయాణ హెచ్చరికలను తెలుగులో, వచ్చిన రోజే వేయండి. ఒక రిక్రూటింగ్ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎలా చూసుకోవాలో బొమ్మలతో చెప్పండి. రిజిస్ట్రేషన్ నంబరు లేని విదేశీ ఉద్యోగ ప్రకటన, ఎంత డబ్బిచ్చినా, అచ్చువేయకండి. మిగిలినవన్నీ వాయిదా వేసినా ఈ ఒక్కటి వెంటనే చేయమని మా మనవి. ఇందులో మీకు నష్టం వచ్చేది ప్రకటనల ఆదాయంలో కొంత మాత్రమే.

రెండవది, ఏటా జనవరి 1న, జూలై 1న వెలువడే ఖైదీల, మత్స్యకారుల జాబితాల సంగతిని ఉత్తరాంధ్ర ఎడిషన్లలో మొదటి పేజీలో వేసి, మన జిల్లాల వారెవరైనా ఉన్నారేమో విచారించి రాయండి. మూడవది, సంఘర్షణల మీద, స్వేచ్ఛ మీద వార్షిక నివేదికలు వచ్చినప్పుడు ఎవరు కొలిచారు, ఎలా కొలిచారు, ప్రభుత్వం ఏమంది, గత ఇరవై ముప్పై ఏళ్లలో ఆ అంకె ఎటు నడిచింది అన్నవి కలిపి రాయండి. ప్రపంచ సైనిక వ్యయం 2024లో 2,71,800 కోట్ల డాలర్లకు చేరిందని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ చెబితే, ఆ అంకె పక్కన ఇళ్లు వదిలి వెళ్లినవారు ఆ ఏడాది చివరికి 12 కోట్ల 32 లక్షల మంది, అంటే మన రాష్ట్ర జనాభాకు రెండింతలకు పైన అన్న ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్క కూడా ఉండాలి.

నాలుగవది సవరణల గురించి. యుద్ధ సమయంలో తప్పు వార్త వేస్తే, అది వేసిన చోటే, అదే సమయంలో, అదే పరిమాణంలో సవరణ వేయాలి. ఐదవది ఛానళ్లకు మాత్రమే: 2021 జూన్‌లో సవరించిన కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడి ఫిర్యాదు అందినట్టు ఇరవై నాలుగు గంటల్లో తెలియజేసి, పదిహేను రోజుల్లో దానిపై నిర్ణయం చెప్పాలి. ఆ ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు, చిరునామా రోజుకొకసారైనా తెర మీద వేయండి.

ఈ లేఖ ప్రతులను ప్రెస్ కౌన్సిల్‌కు, సమాచార ప్రసార శాఖకు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రజాప్రతినిధులకు పంపుతున్నాం. మీ సమాధానాలను మా పఠన మందిరం నోటీసు బోర్డులో యథాతథంగా, ఒక్క పంక్తి కూడా కత్తిరించకుండా పెడతాం. సమాధానం రానివారి పత్రిక లేదా ఛానల్ పేరు రాసి, కింద జాగా ఖాళీగా ఉంచుతాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
పఠన మందిరం పాఠకుల తరఫున,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా